గాజులు తీసే పీరాంబీ

మా అక్క పీరాంబీ వల్ల నంద్యాలలో ఆపరేషన్లు ఆలస్యమయ్యేవి. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆమె ఉన్నన్నాళ్లూ ఈ సంగతి మీద మా ఇంట్లో తిట్లే తప్ప ఇంకో మాట వినపడలేదు. ఆమె కొడుకు ఫయాజ్ తిట్టేవాడు, ఆస్పత్రి డాక్టరు తిట్టేవాడు, రోగుల మొగుళ్లు తిట్టేవాళ్లు, నేనూ తిట్టేవాణ్ణి. ఇప్పుడు తిట్టించుకోవడానికి మనిషి లేదు. అందుకని రాస్తున్నాను.

మాది ఆళ్లగడ్డ. దేవుడి బొమ్మలు చెక్కే శిల్పుల షెడ్లు దాటి లోపలికి వస్తే మా దూదేకుల ఇళ్లు. అక్కది గాజుల వ్యాపారం. మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగితే, అక్క సంచులు భుజాన వేసుకుని బస్సుల్లో తిరిగింది. అటు కోయిలకుంట్ల దాకా, ఇటు నంద్యాల దాకా పెళ్లిళ్లకూ సీమంతాలకూ ఆమెనే పిలిచేవాళ్లు. నోట్లో ఎప్పుడూ వక్కాకు, పొగాకు. ఆ రెంటి మధ్యలోంచే మాటలు. ఆమె మాట్లాడకుండా ఉండేది నిద్రలో మాత్రమే, అదీ పూర్తిగా నమ్మకం లేదు. ఆమె చేతులకు మాత్రం గాజులుండేవి కావు. బావ పోయినప్పుడు తీసేసింది, మళ్లీ వేసుకోలేదు. బోసి చేతులతోనే ఊరందరికీ తొడిగేది.

ఆస్పత్రి గొడవ ఎట్లా మొదలైందంటే, ఆమె దగ్గర గాజులు వేసుకునే ఒకామెను నంద్యాలలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. అక్క చూడ్డానికి పోయింది. ఆపరేషన్ గదిలోకి గాజులతో పోనివ్వరు. అక్కడి ఆయా ఎడమ చేతి గాజులు తీయబోయి, రాకపోతే విసుక్కుని మంచం కడ్డీకేసి తట్టింది. గాజులు పగిలాయి. ఇంక చూడండి. ఆ రోగి అత్త జుట్టు విరబోసుకుని, "నా కొడుకు నిక్షేపంగా ఉండంగనే కోడలి గాజులు పగలగొడ్తిరి గదే" అని వార్డంతా లేపేసింది. ఆ రోజు ఆపరేషన్ ఆగిపోయింది. రచ్చ సద్దుమణిగాక అక్క కూర్చుని, సబ్బు నురగ రాసి, పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడిగి, బొటనవేలు అరచేతిలోకి మడిచి, కుడి చేతి గాజులు ఒక్కటీ పగలకుండా తీసి పెట్టింది.

అది జెస్సీ అనే నర్సు చూసింది. అప్పటినుంచి గాజులు బిగుసుకుపోయిన ఆడమనిషి ఎవరు ఆపరేషన్‌కు వచ్చినా జెస్సీ నుంచి ఫోను.

"పీరాంబక్కా, యాడుండావ్? బిర్నా రా తల్లీ. చెయ్యి ముట్టుకుంటే సాలు ఏడుస్తాంది ఈమె."

అక్క పోయేది. ఆపరేషన్ అయినాక మళ్లీ పోయి అవే గాజులు తొడిగి వచ్చేది. అంతవరకే అయితే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

గాజు దిగాలంటే చెయ్యి వదులుగా ఉండాలి. భయంతో ఉన్న మనిషి తనకు తెలియకుండానే పిడికిలి బిగిస్తుంది. బిగించిన చేతికి బలం పెడితే గాజు పగులుతుంది, తోలు లేస్తుంది. అందుకని అక్క చెయ్యి పట్టుకుని ఊరూ పేరూ, పిల్లలూ గొడ్లూ అన్నీ అడుగుతూ మాటల్లో పెట్టేది. అట్లా అడుగుతూ అడుగుతూ ఒక మాట కూడా అడిగేది.

"ఏం కోస్తాండారమ్మా నీకు?"

"ఏమో అక్కా. మా ఆయనకు తెలుసు."

దాంతో మొదలయ్యేది. "ఆయన చేతులకేం గాజులు లేవే. ఉంటే ఆయనవే తీసి పోతుంటి" అనేది అక్క. నవ్వు వచ్చినా ఆ చెయ్యి వదులయ్యేది కాదు. తనకేం జరగబోతున్నదో తెలియని మనిషి చెయ్యి ఎంత సబ్బు రాసినా వదలదని అక్క చెప్పేది. నేను నమ్మలేదు. అది ఆమె పని, ఆమెకు తెలిసి ఉండొచ్చు. నాకు తెలిసిందల్లా, తెలియని మనిషి దొరికినప్పుడల్లా ఆమె గాజులు తీయడం ఆపేసి, సంచి సర్దుకుని, వాకిట్లో కూర్చునేది. "చెప్పి పిలవండి, వస్తా" అని.

ఒకసారి నాకు కడుపునొప్పి వచ్చి ఆ ఆస్పత్రికే పోయాను. మందుల కిటికీ పక్కన, నీళ్ల ఫిల్టరు వెనకాల గోడకు ఒక బోర్డు. 'రోగుల హక్కులు.' అక్క నా పక్కనే ఉంది. "తెలుగు పంతులువు గదా, ఏం రాసినారో చదువు మాబూ" అంది. చదివాను. "శస్త్రచికిత్సకు పూర్వము తత్సంబంధిత ప్రయోజనములను, ప్రత్యామ్నాయములను, సంభావ్య దుష్ఫలితములను రోగికి అవగాహనయగు భాషలో విశదీకరించి, లిఖితపూర్వక సమ్మతి పొందవలెను."

"ఇది తెలుగేనా?"

"తెలుగే."

"యా ఊరి తెలుగు?"

నాకు ఒళ్లు మండింది. అది రాసినవాడి మీద మండాలో, అడిగిన అక్క మీద మండాలో తెలియలేదు. విప్పి చెప్పాను. కోసే ముందు ఏం కోస్తారో, కోస్తే ఏమవుతుందో, కోయకపోతే ఏమవుతుందో, ఇంకో దారి ఉందో లేదో మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పి, అప్పుడు సరేనా అని అడగాలని.

"మొగునికి చెప్పాలని ఉందా?"

"లే. రోగికి."

"మల్లా చదువు."

మళ్లీ చదివాను. జనం మమ్మల్ని చూస్తున్నారు. "రోగికి అనే ఉంది గదా?" అని రూఢి చేసుకుంది. ఆ రోజు నేను కడుపునొప్పితో ఇంట్లోనే పడి ఉన్నా బాగుండేది. అప్పటిదాకా గాజు పగులుతుందని మాత్రమే ఆగే మనిషి, ఆనాటినుంచి బోర్డులో ఉందని కూడా ఆగడం మొదలుపెట్టింది.

కోయిలకుంట్ల దగ్గరి పల్లె నుంచి కొండయ్య అనే శనగ రైతు భార్య గోవిందమ్మను తీసుకువచ్చాడు. నెలంతా రక్తం పోతున్నదని. నేను అక్కను బండి మీద దింపడానికి పోయి ఆ పంచాయితీలో ఇరుక్కున్నాను. అక్క ఎడమ చేతి గాజులు తీసింది. కుడి చెయ్యి పట్టుకుని అడిగింది.

"కడుపులో గడ్డుందంట అక్కా. అది తీస్తారంట" అంది గోవిందమ్మ.

పక్కన నిలబడ్డ జెస్సీ నేల చూపులు చూసింది. అక్క అది కనిపెట్టేసింది. "ఏం సిస్టర్, గడ్డేనా?"

"గర్భసంచి అక్కా. మొత్తం తీస్తారు."

గోవిందమ్మ కుడి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఒక చేతికి గాజులు, ఒక చేతికి లేవు. ఆ వేషంలో మంచం మీద లేచి కూర్చుంది. కొండయ్య అక్క మీదికి వచ్చాడు.

"ఏందమ్మా నీ లొల్లి? ఆడదానికి ఇయన్నీ చెప్తే భయపడ్తాదని నేనే చెప్పలే. సంతకం పెట్టినా గదా!"

"యాడ పెట్టినావప్పా?"

"కాగితం మీద."

"అయితే కాగితాన్నే కోయమను."

ఇంతలో డాక్టరు వచ్చాడు. గుంటూరు వైపు ఆయన. ఆ ఆస్పత్రిలో ఏ కోతైనా ఆయనదే. మంచివాడే, చేతి పని గట్టిదే. మాట్లాడ్డానికి మాత్రం తీరిక ఉండదు. "ఏంటమ్మా ఇది? లోపల మత్తు డాక్టరు కూర్చుని ఉన్నాడు. మీవారికి అన్నీ చెప్పాను కదా" అన్నాడు గోవిందమ్మతో.

"కడుపు ఆయనది కాదు గద సార్" అంది అక్క.

"నువ్వెవరమ్మా అసలు?"

"గాజులామె."

డాక్టరు నా వైపు తిరిగాడు, చదువుకున్నవాడిలా కనబడుతున్నావు నువ్వన్నా చెప్పు అన్నట్టు. నేను ఫ్యాను వైపు చూశాను. చివరికి ఆయనే చెప్పాల్సి వచ్చింది. సంచి తీస్తే రక్తం ఆగిపోతుంది, మళ్లీ పిల్లలు పుట్టరు. మందులతో కొన్నాళ్లు చూడొచ్చు, తగ్గొచ్చు తగ్గకపోవచ్చు. ఈ రోజే తీయాలన్న తొందరేం లేదు. ఇదంతా చెప్పడానికి ఆయనకు పట్టిన సమయం, మేమందరం అరుచుకోవడానికి పట్టినదానిలో సగం లేదు. ముందే చెప్పి ఉంటే ఏం పోయేదో నాకు ఈనాటికీ అర్థం కాదు.

గోవిందమ్మ పైట సర్దుకుని మంచం దిగింది. "శనగ కోత అయినాక వస్తా సార్" అంది. అక్క ఎడమ చేతి గాజులు తిరిగి తొడిగింది. కొండయ్య బస్టాండు దాకా మా ఇద్దరినీ తిడుతూనే నడిచాడు.

కోతలయ్యాక వాళ్లు తిరిగి వచ్చారు. అదే డాక్టరు, అదే ఆపరేషన్. "చివరికి అదే కోత గదా. నడమ ఈ తిప్పలేందని అడుగుతాండా" అన్నాడు కొండయ్య. "అప్పుడు నన్ను ఎవురడిగినారు?" అంది గోవిందమ్మ చెయ్యి చాపుతూ. గాజులు నీళ్లలోంచి తీసినట్టు వచ్చేశాయని అక్క ఇంటికి వచ్చి పదిమందికి చెప్పింది.

అన్నిసార్లూ ఇంత సవ్యంగా ముగియలేదు. సలోమి అని పాస్టరుగారి అమ్మాయి, డిగ్రీ చదివే పిల్ల. అపెండిక్స్ పగలబోతున్నదని పరుగు మీద తెచ్చారు. అక్క చెయ్యి పట్టుకుని, "ఏం కోస్తారో చెప్పినారా బిడ్డా?" అని మొదలుపెట్టింది. ఆ పిల్ల మెలికలు తిరిగిపోతూ, "నాకేం చెప్పొద్దు ఆంటీ, నీ కాళ్లు మొక్కుతా, కోసెయ్యమను" అని కేక పెట్టింది. "అదీ ఒక మాటే" అని అక్క క్షణంలో గాజులు తీసేసింది. కానీ జెస్సీ ఆ రోజు అక్కను మెట్ల మీద నిలబెట్టి కడిగేసింది. "యాడ అడగాల, యాడ అడగకూడదు తెలీదా నీకు? ఆ పిల్లకు ఏమన్నా అయ్యింటే?" అక్క ఏదో అనబోయి, అనకుండా ఊరుకుంది. ఆమె ఊరుకున్నట్టు నేను విన్నది ఆ ఒక్కసారే.

ఈ మనిషి నాలుకకు పుండు లేచింది.

ఎప్పుడు లేచిందో తెలియదు. వక్కాకు ముద్ద వెనక దాచి పెట్టింది. ఒక పొద్దున ఉగ్గాని తింటూ పక్కన పెట్టిన మిరపకాయ బజ్జీ ముట్టుకోకపోతే కోడలు రిజ్వానాకు అనుమానం వచ్చింది. బలవంతాన నోరు తెరిపించి చూసి, ఫయాజ్‌కు ఫోను చేసింది. ఫయాజ్‌కు ఆళ్లగడ్డలోనే సెల్‌ఫోన్ల రిపేరు అంగడి. అంగడి మూసి తల్లిని నంద్యాల తీసుకుపోయాడు. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు డాక్టరు వాణ్ణి పక్కకు పిలిచి చెప్పాడు.

వాడు నేరుగా మా బడికి వచ్చాడు. నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడి చెప్పాడు. క్యాన్సరు. నాలుక సగానికి పైగా తీయాలి, దవడ ఎముక కొంత. తీస్తే బతుకుతుంది. మాట మాత్రం పోతుంది.

"ఆమెకు చెప్పినావా?"

"లే మామా. పుండు గీకుతారని చెప్పినా."

"ఊరందరి ఆడోళ్లకూ చెప్పమని కొట్లాడే మనిషిరా. తనకు చెప్పకుండా ఎట్ల కోయించుకుంటాది?"

"అందుకే చెప్పకూడదు" అన్నాడు ఫయాజ్. "చెప్తే డాక్టరును అడుగుతాది. అడిగితే ఆయన చెప్తాడు. చెప్తే వద్దంటాది. వద్దంటే మా అమ్మ చచ్చిపోతాది మామా."

వాడు ఏడుస్తున్నాడు. లోపల ఏడో తరగతి పిల్లలు గోల చేస్తున్నారు. తప్పని ఎట్లా చెప్పను, ఒప్పని ఎట్లా చెప్పను? తల్లి బతకాలని కొడుకు అనుకోవడంలో తప్పు వెతికే తెలివి నాకు లేదు. నన్ను మాత్రం ఈ మధ్యకు ఎందుకు లాగాడని కోపం వచ్చింది.

ఆపరేషన్ రోజు అందరం పొద్దున్నే బస్సెక్కాం. నేను సెలవు పెట్టాను. రిజ్వానా ఫ్లాస్కు, దుప్పట్లు సర్దింది. కిటికీ పక్క కూర్చున్న అక్క మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది.

"పుండు గీకేదానికి ఇంతమంది యాల?"

ఫయాజ్ టికెట్లు లెక్కపెట్టుకున్నాడు. ఆమె కాళ్ల దగ్గరున్న సంచి విప్పింది. ఆస్పత్రికి పోతూ గాజుల సంచి ఎందుకు తెచ్చిందని మాలో ఒక్కరికీ తోచలేదు. ముదురాకుపచ్చ గాజులు తీసి, బస్సు కుదుపుల్లోనే ఎడమ చేతికి ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. తర్వాత కుడి చేతికి. తన చేతికన్నా చిన్న సైజు అవి. కష్టపడి ఎక్కించింది.

"అమ్మా! ఏందిది? నాయన పోయినాక..." ఫయాజ్ బస్సంతా చూసుకుంటూ గొంతు తగ్గించాడు. "జనం చూస్తాండారు."

"చూడనీ. అమ్మేదాన్ని, వేసుకుంటే తప్పా?"

"ఆడ మల్లా తీయాల గదా!"

"అదే గదా" అంది అక్క, కిటికీలోంచి బయటికి చూస్తూ.

నాకు అప్పుడు అర్థమైంది. ఫయాజ్‌కు వార్డులో అర్థమైంది. జెస్సీ పచ్చ గౌను తెచ్చి, అక్క చేతులు చూసి ఆగిపోయింది.

"ఇదేం వేషం పీరాంబక్కా?"

"తీయి సిస్టర్." అక్క రెండు చేతులూ ముందుకు చాపింది. రెండూ పిడికిళ్లే.

జెస్సీ ఆమెను ముట్టుకోలేదు. ఫయాజ్ వైపు తిరిగి, "చెప్పినారా ఈమెకు?" అని అడిగింది.

"సంతకం పెట్టినా గద సిస్టర్."

"ఈమెకు సంతకం పెట్టేది రాదా? తెలివి లేకుండా పడుందా? నువ్వు యాల పెడ్తివి?" అని జెస్సీ కసిరింది. అక్కడికి వాళ్ల ఆస్పత్రివాళ్లే ఆ సంతకం తీసుకోనట్టు! ఆ మాటే నేను అన్నాను. "మీరే గదమ్మా కాగితం ఇచ్చింది!" "నేనియ్యలే సార్, ఆఫీసులో ఇచ్చినారు" అంది. ఆఫీసును అడిగితే డాక్టరు తీసుకోమన్నాడంటుంది, డాక్టరును అడిగితే కొడుకు చెప్పొద్దన్నాడంటాడు. ఇంతమందిమి చుట్టూ చేరి ఒకరినొకరు చూపించుకుంటున్నాం. ఎవరి నాలుకను కోయాలో ఆ మనిషి మాత్రం మా మధ్య కాళ్లు ఊపుతూ మంచం మీద కూర్చుని ఉంది.

ఫయాజ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "మామా, నువ్వు తీయి. నీ మాట వింటాది."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. అక్క ఎడమ పిడికిలి తెచ్చి నా మోకాలి మీద పెట్టింది.

"నీకు తెలుసునా మాబూ?"

"తెలుసు."

"అయితే చెప్పి తీయి."

ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. గొంతు సవరించుకుని, "అక్కా, నీ నాలుకకు వచ్చిన వ్యాధి యొక్క తీవ్రత దృష్ట్యా..." అని మొదలుపెట్టాను.

"బోర్డు చదవొద్దు" అంది.

వెనక రిజ్వానా ఏడుపు వినిపిస్తున్నది. చెప్పాను. "క్యాన్సరంట. నాలుక సగం పైన కోస్తారంట. ఈ పక్క దవడ కొంచెం. కోస్తే బతుకుతావంట. మాట రాదంట."

ఆమె మొహంలో ఏమీ మారలేదు. మోకాలి మీద పిడికిలి మాత్రం బరువైంది. "డాక్టరును పిలువు" అంది.

డాక్టరు వచ్చాడు. వచ్చేటప్పుడు విసుగ్గానే వచ్చాడు. అక్క చేతులు చూసి, నిట్టూర్చి, పక్క మంచం మీద కూర్చున్నాడు. ఈసారి ఏదీ దాచలేదు. "ఆపరేషన్ చేస్తే బతికే అవకాశం ఎక్కువమ్మా. మాట ఇప్పటిలా ఉండదు. తర్వాత నేర్పిస్తారు, ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేంత రావచ్చు. వద్దనుకుంటే కర్నూలులో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవచ్చు. దాంతో మొత్తం పోతుందని నేను చెప్పలేను. నన్నడిగితే ఆపరేషనే మంచిది."

"చేయించుకోకపోతే ఎన్నాళ్లుంటా సార్?"

"కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ఏడాది దాటడం కష్టం."

"మంచిగ చెప్పినారు. ఇన్నేండ్లలో ఎవురికీ ఇంత మంచిగ చెప్పలే మీరు" అంది అక్క. ఆమె నా మోకాలి మీది చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. "నాకు వద్దు సార్. కరెంటుకు పోతా."

ఫయాజ్ గోడకు తల కొట్టుకున్నంత పని చేశాడు. "చెప్పినా గదా మామా! చెప్తే ఇట్లనే అయితాదని చెప్పినా గదా!" అని నా మీద విరుచుకుపడ్డాడు. నేను అక్క మీద విరుచుకుపడ్డాను. వార్డని కూడా చూడలేదు.

"నీకు బుద్ధుందా? నోరు లేకపోతేనేం, మనిషివి ఉంటే సాలు మాకు!"

"మీకు సాలు. నాకు?" అంది. "నాలుక లేకుండా యా ఇంటి ముందర నిలబడి గాజులని అరిచేది మాబూ? చెయ్యి పట్టుకుని ఏమని మాట్లాడిచ్చేది? మాట్లాడియ్యకపోతే చెయ్యి వదలదు. నాకు వచ్చిన పని అదొక్కటే."

"పని మానుకో! ఇంట్లో కూసో!"

"కూసునేదానికి కోయించుకోవాల్నా?"

బతకడం కోసం అని చెప్పి ఉండాల్సింది. ఆ క్షణాన నోటికి రాలేదు. సాయంత్రానికి అందరం అదే బస్సులో వెనక్కి వచ్చాం. అక్క చేతుల నిండా గాజులు. ఫయాజ్ ముందు సీట్లో కూర్చుని ఆళ్లగడ్డ దాకా వెనక్కి తిరిగి చూడలేదు.

కర్నూలు పోయి కరెంటు పెట్టించుకుంది. నోరంతా పొక్కింది. పొక్కిన నోటితోనే మాట్లాడేది. సంచి కూడా మానలేదు. విధవ మనిషి చేతికి గాజులేమిటని వీధంతా గుసగుసలు. ఎదురింటి కమలాక్షమ్మ ఉండబట్టలేక, "ఏం పీరాంబీ, మల్లా నిఖా చేసుకుంటివా?" అని అడిగింది. "చేసుకుందామనే ఉండా. మీ ఆయనే ఇంగా ఒప్పుకోలే" అంది అక్క. తీసేయమని నేను అడిగితే, "తీసేటోళ్లు వచ్చిరి, తీయకుండ పోయిరి. నేనేం చేసేది?" అనేది.

అయినా ఏం లాభం? చలికాలానికి ఆ నాలుకే మొద్దుబారిపోయింది. దేనికోసం ఆపరేషన్ వద్దందో ఆ మాటే పోయింది. ముందు ముద్దముద్దగా వచ్చేది, తర్వాత రిజ్వానాకు ఒక్కదానికే అర్థమయ్యేది, ఆఖరుకు అదీ లేదు. ఏం కావాలన్నా మంచం ఇనపకడ్డీకి గాజులు తాటించి పిలిచేది. నాకు కడుపు మండిపోయేది. ఒక రోజు మంచం పక్కన కూర్చుని అడిగేశాను. "అక్కా, ఆ పొద్దు ఒప్పుకునింటే బాగుండు అనిపిస్తాందా?" ఆమె సంచిలో పడుకోబోయే పిల్లిని తోలేటప్పుడు చేసినట్టు, గాజుల చెయ్యి నా మొహం ముందు గలగలా ఆడించింది. ఔననా, కాదనా? వెళ్లి పని చూసుకోమనే అనుకుంటున్నాను.

ఒక శుక్రవారం తెల్లవారాక కడ్డీ చప్పుడు వినపడలేదు.

జెస్సీ నంద్యాల నుంచి వచ్చింది. ఇప్పుడు వాళ్ల ఆస్పత్రిలో గాజులు రాకపోతే పైన దూది పెట్టి ప్లాస్టరు చుట్టేసి లోపలికి తీసుకుపోతున్నారట. ఆలస్యం కావడం లేదట. బోర్డు ఉందా అని అడిగాను. దాని ముందర ఇంకో ఫిల్టరు పెట్టారని చెప్పింది.

పెరట్లో తెర కట్టారు. లోపల ఆడవాళ్లు స్నానం పోయడానికి సిద్ధమయ్యారు. బయట మేమంతా జనాజా ఎత్తడానికి నిలబడి ఉన్నాం. నీళ్ల చప్పుడు వినిపించాల్సిన చోట ఏమీ వినిపించడం లేదు. లోపల ఎవరో పెద్దామె, "ఎంతసేపే? బిగుసుకున్న చెయ్యి, రాకపోతే పగలగొట్టు, ఇంగ ఏముంది" అంటున్నది. తెరకు ఇవతల నిలబడ్డ నాకు రిజ్వానా గొంతు సన్నగా వినపడింది.

"అత్తా, నేను రిజ్వానాను. నీకు స్నానం పోయాల. గాజులు తీస్తాండా. సబ్బు రాస్తాండా. ముందర ఎడమ చెయ్యి."

ఆగింది. జవాబు కోసం ఆగినట్టే ఆగింది. తర్వాత గాజు మీద గాజు తగిలిన చిన్న చప్పుడు.

నా పక్కన నిలబడ్డవాళ్లు గడియారాలు చూసుకుంటున్నారు. "ఇంగ ఎంతసేపప్పా? నమాజుకు ఆలస్యమైతాంది" అన్నాడు ఒకాయన. ఫయాజ్ తెర వైపు ఒక అడుగు వేశాడు. వాడి భుజం పట్టుకుని ఆపాను.

"ఆగండప్పా" అన్నాను. "లోపల ఆమెకు చెప్తాండారు."